గోడ రంగు తేల్చుకునే ముందు

చిరంజీవి సుధకు,

పెద్దమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం. నీ గది గోడలకు అనుకున్న లేత ఇటుక రంగు, లేత బూడిద నీలం రెండూ ఒకే వెలుగుతో కనిపిస్తున్నాయని, ఏది వేయించాలో తేలడం లేదని రాశావు. రంగుల నమూనాలుండే షేడ్ కార్డు మీద ఎల్‌ఆర్‌వి అనే అంకె ఉందేమో చూడు. గోడ మీద పడిన వెలుతురులో ఎంత శాతం తిరిగి గదిలోకి వస్తుందో చెప్పే అంకె అది. నలుపుకు 0 దగ్గరగా, తెలుపుకు 100 దగ్గరగా ఉంటుంది. రెండింటికీ ఒకటి రెండు పాయింట్ల తేడాయే ఉంటే, ఏది గదిని వెలుతురుగా ఉంచుతుందన్న బెంగ వదిలెయ్యి. ఇక చూడాల్సింది ఛాయ ఒక్కటే.

ఆ ఛాయ చిన్న కార్డు మీద తెలియదమ్మా. నాలుగు గోడలకూ వేశాక ఒక గోడ రంగు ఇంకో గోడ మీద పడి చిక్కబడుతుంది. అందుకే రెండడుగుల అట్టలు తీసుకుని, ఒక్కోదానికి ఒక్కో రంగు రెండు పూతలు వెయ్యి. అంచున వేలెడు తెలుపు వదులు, లేకపోతే పాత గోడ రంగు నీ కన్నును లాగేస్తుంది. పూర్తిగా ఆరాకే చూడు. రెండూ పక్కపక్కన పెట్టకు: నీలం పక్కన ఇటుక రంగు ఉన్నదానికన్నా ఎర్రగా తోస్తుంది. ఒక్కో అట్టనే ఒకసారి కిటికీ ఎదుటి గోడకు, ఇంకోసారి కిటికీ ఉన్న గోడకు ఆనించి చూడు. అదే రంగేనా అని నీకే సందేహం వస్తుంది.

సాయంత్రం దీపాలు వెయ్యకముందు తప్పకుండా చూడాలి. మసక చీకట్లో మన కన్ను ఎరుపును తక్కువగా, నీలాన్ని ఎక్కువగా పట్టుకుంటుంది. 19వ శతాబ్దంలో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త ఇది గమనించాడు. పగలు సమానంగా వెలిగిన నీ రెండు రంగుల్లో అప్పుడు ఇటుక రంగు ముందుగా నల్లబడుతుంది.

తర్వాత బల్బు వేసి చూడు. బల్బు వెలుగు ఏ ఛాయలో ఉంటుందో కెల్విన్ అంకె చెబుతుంది. 2700 కెల్విన్ బల్బు పసుపుగా వెలుగుతుంది, దాని కింద బూడిద నీలం మాసినట్టు ఉంటుంది. నీలం కలిసిన తెలుపుగా వెలిగే 6500 కెల్విన్ బల్బు కింద ఇటుక రంగు కళ తప్పుతుంది. నువ్వు ఆ గదిలో ఎక్కువగా రాత్రిళ్లే చదువుకుంటావు, అదీ పసుపు దీపం కింద. కాబట్టి నేనైతే ఇటుక రంగు వైపే మొగ్గుతాను. బల్బు మార్చే ఆలోచన ఉంటే మాత్రం ముందు అది మార్చి, తర్వాతే రంగు ఎంచుకో.

అట్టలు ఆరాక నీకు ఏది నచ్చిందో రాయి.

నీ పెద్దమ్మ