భుజం కేసులకు స్క్రబ్ అవుతున్నారా? రిట్రాక్టర్లు, బోన్ క్లాంప్‌లు ఇలా నేర్చుకోండి

మీరు అడిగింది ఇదీ: ఇన్నాళ్లూ మోకాలు, తుంటి కేసులకు స్క్రబ్ అయ్యారు (అంటే స్టెరైల్‌గా సర్జన్ పక్కన నిలబడి పరికరాలు అందించారు), ఇప్పుడు భుజం కేసుల్లో వేస్తున్నారు. సెట్ లిస్టులో పేర్లు చూస్తే టెన్షన్‌గా ఉంది. ఏ రిట్రాక్టర్ (కండని పక్కకి లాగి పట్టేది), ఏ బోన్ క్లాంప్ (ఎముకని పట్టేది) ఎప్పుడు అందించాలో ఎలా గుర్తుపెట్టుకోవాలి? నేను ఆర్థో థియేటర్‌లో చాలా ఏళ్లుగా స్క్రబ్ నర్సుని. అందులో ఎక్కువ కాలం భుజం సర్జన్ల పక్కనే నిలబడ్డాను కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను.

ముందుగా ఒక మాట. పేర్లు బట్టీ పట్టకండి. అదే పరికరాన్ని ఒక సర్జన్ ఒక పేరుతో అడుగుతారు, ఇంకొకరు చెయ్యి చాపి "ఆ వంకరది" అంటారు. పేర్లు వాడుతూ ఉంటే వాటంతట అవే నోటికి వస్తాయి. దాని బదులు ట్రేలో ఉన్న ప్రతి రిట్రాక్టర్‌ని చేతిలోకి తీసుకుని రెండు ప్రశ్నలు వేసుకోండి. దీని కొన ఎక్కడ ఆనుతుంది? ఆ కొన పక్కన ఏ నర్వ్ ఉంది? చేతికి వెళ్లే నర్వ్‌లన్నీ సర్జన్ పనిచేసే చోటుకి రెండు మూడు వేళ్ల దూరంలోనే పోతాయి. ఆ దారులు తెలిస్తే, ఏ దశలో మొండి కొనది ఇవ్వాలో, ఏ దశలో పదును కొనది ఇవ్వాలో మీకే తడుతుంది.

ఎక్కువగా చూసేది డెల్టోపెక్టోరల్ అప్రోచ్. పేషెంట్‌ని బీచ్ చెయిర్ పొజిషన్‌లో, అంటే వెనక్కి వాలి కూర్చున్నట్టు పెడతారు. కోత కోరకాయిడ్ (రెక్క ఎముక నుంచి ముందుకి పొడుచుకొచ్చిన కొన) దగ్గర మొదలై చేతి మీదుగా కిందికి దిగుతుంది. భుజం మీది డెల్టాయిడ్ కండకీ ఛాతీ మీది పెక్టోరాలిస్ మేజర్ కండకీ మధ్య సందు వెతుకుతారు. ఆ సందులో కనిపించే నీలి గీత సెఫాలిక్ వెయిన్, సర్జన్‌కి అదే దారి చూపిస్తుంది. ఈ దశలో లాంగెన్‌బెక్, వైట్‌లానర్, జెల్పీ లాంటివి చాలు. అయితే జెల్పీ, పదును పళ్ల వైట్‌లానర్ చర్మం కింద కొవ్వు పొర వరకే. వెయిన్ కనిపించాక వాటిని పక్కన పెట్టి మొండి బ్లేడువి చేతికి ఇవ్వండి. చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, ఆ వెయిన్ చిరిగితే ఆ తర్వాత కేసంతా రక్తం తుడుచుకుంటూ సాగుతుంది.

సందు తెరిచాక డెల్టాయిడ్ కిందికి వెడల్పాటి వంపు రిట్రాక్టర్ ఒకటి జారుస్తారు. బ్రౌన్ డెల్టాయిడ్ రిట్రాక్టర్ అనేది ఇందుకోసమే, కొందరు మొండి కొన హోమన్ అనే లివర్ లాంటి రిట్రాక్టర్‌తో కానిస్తారు. రెండో వైపు కోరకాయిడ్ నుంచి దిగే కంజాయింట్ టెండన్, అంటే రెండు కండలు కలిసి అంటుకునే తాడు, ఉంటుంది. ఈ రెంటి మధ్యా కోల్‌బెల్ అనే సెల్ఫ్ రిటైనింగ్ (ఎవరూ పట్టుకోకుండా దానంతట అదే తెరిచి ఉంచే) రిట్రాక్టర్ పెడతారు. దానికి విడివిడి బ్లేడులు, రకరకాల పొడవుల్లో వస్తాయి. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఇక్కడే: కంజాయింట్ టెండన్ వైపు పొట్టి బ్లేడు. ఎందుకంటే మస్క్యులోక్యుటేనియస్ నర్వ్ కోరకాయిడ్‌కి కింద 3 నుంచి 8 సెంటీమీటర్ల మధ్య ఎక్కడైనా ఆ కండలోకి దూరుతుంది. ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటుంది. పొడుగు బ్లేడు పెట్టి గట్టిగా తెరిస్తే దాని అంచు సరిగ్గా ఆ నర్వ్ మీద పడుతుంది. బ్లేడులు తగిలించి ఇచ్చేటప్పుడు "ఇటు పొట్టిది, ఇటు పొడుగుది" అని పైకి చెప్పండి. సర్జన్ ఒక్క క్షణం చూసి సరే అంటారు, ఎవరికీ అనుమానం మిగలదు.

సెల్ఫ్ రిటైనింగ్ వాటి గురించి నా అభిప్రాయం కొంచెం గట్టిగానే చెప్తాను. అవి వచ్చాక అసిస్టెంట్ చేతులు ఖాళీ అయ్యాయి, మంచిదే. కానీ చేత్తో పట్టుకున్న మనిషి అలసిపోతాడు, పట్టు సడలిస్తాడు, ఆ సడలింపులో కండకి రక్తం అందుతుంది. కోల్‌బెల్‌కి అలసట ఉండదు. పెట్టింది పెట్టినట్టే గంటసేపు నొక్కి ఉంచుతుంది. బ్లేడు అంచున డెల్టాయిడ్‌ని గమనించండి, ఎర్రగా ఉండే కండ అక్కడ పాలిపోయి తెల్లబారుతుంది. కాసేపు వదులు చేస్తే మళ్లీ రంగు వస్తుంది. నేను ఇంప్లాంట్ సైజు చూసుకునే విరామంలోనో, సిమెంట్ కలిపే ముందో "కోల్‌బెల్ కాస్త వదులు చేద్దామా సార్" అని అడుగుతాను. ఇంతవరకు ఏ సర్జనూ విసుక్కోలేదు. మీరూ అడగండి, అది అధికప్రసంగం కాదు.

తర్వాత సబ్‌స్కాపులారిస్ (జాయింట్‌ని ముందు నుంచి కప్పే కండ) దగ్గరికి వస్తారు. దాని కింది అంచున ఒక చిన్న ధమని, దానికి చెరో పక్కా ఒక్కో వెయిన్ పడుకుని ఉంటాయి. సర్జన్లు "త్రీ సిస్టర్స్" అంటారు. ఆ మాట వినగానే కాటరీ (రక్తం ఆగేలా కాల్చేది), కట్టు దారం రెండూ సిద్ధంగా ఉండాలి. దానికి కాస్త కిందే ఆగ్జిలరీ నర్వ్. భుజం సర్జరీ మొత్తంలో అందరూ భయపడేది దీనికే. సబ్‌స్కాపులారిస్ కింది నుంచి వెనక్కి పోయి, హ్యూమరస్ (పై చేతి ఎముక) మెడని చుట్టుకుని డెల్టాయిడ్ లోపలి వైపుకి వస్తుంది. అక్కడ అక్రోమియన్ (భుజం పై కొన ఎముక) అంచుకి దాదాపు 5 నుంచి 7 సెంటీమీటర్ల కింద ఉంటుంది. డెల్టాయిడ్‌ని నిలువుగా చీల్చి లోపలికి వెళ్లే కేసుల్లో, చీలిక ఇంకా కిందికి పాకకుండా చివర ఒక కుట్టు వేస్తారు. కారణం ఇదే. ఆ నర్వ్ దెబ్బతింటే చెయ్యి పక్కకి ఎత్తే బలం పోతుంది. కాబట్టి గ్లెనాయిడ్ (హ్యూమరస్ తల కూర్చునే గుంట) కింది అంచున పెట్టే రిట్రాక్టర్ ఎప్పుడూ మొండి కొనదే. ఆ సమయంలో సర్జన్ "హోమన్" అని మాత్రమే అన్నా, మీరు "మొండిదేనా?" అని అడిగి ఇవ్వండి.

గ్లెనాయిడ్ కనబడటమే భుజం కేసుల్లో అసలు కష్టం. లోతుగా ఉంటుంది, చిన్నగా ఉంటుంది, ముందు హ్యూమరస్ తల అడ్డం. దాన్ని వెనక్కి నెట్టడానికి ఫుకుడా రిట్రాక్టర్ వాడతారు. వంగిన పిడి, చివర ఉంగరం లాంటి ఖాళీ ఉంటుంది. ఉంగరం కొన గ్లెనాయిడ్ వెనక అంచుకి తగులుకుంటుంది, హ్యూమరస్ తల ఆ ఖాళీలో ఒదిగి వెనక్కి జరుగుతుంది. మాటిమాటికీ భుజం జారిపోయేవాళ్లకి చేసే బ్యాంకార్ట్ రిపేర్‌లో, లాటార్జే ఆపరేషన్‌లో ఇది లేకపోతే పని నడవదు. ముందు వైపు స్కాపులా (రెక్క ఎముక) మెడ మీద చీలిన కొనలున్న రిట్రాక్టర్ పెడతారు. అలా వెనకొకటి, ముందొకటి, కిందొకటి కుదిరితే గ్లెనాయిడ్ తెల్లగా, గుండ్రంగా బయటపడుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు అది సంతోషంగానే ఉంటుంది.

జాయింట్ మార్చే కేసుల్లో అప్పటికే హ్యూమరస్ తల కోసేసి ఉంటారు. వయసు మళ్లినవాళ్లలో ఆ కోసిన ముఖం లోపల మెత్తటి ఎముక. రిట్రాక్టర్ నేరుగా దాని మీద ఒత్తితే నలిగి గుంట పడుతుంది, రేపు స్టెమ్‌కి (ఎముక లోపలికి దించే ఇంప్లాంట్ కాడకి) పట్టు దొరకదు. అందుకే కోత మీద లోహపు మూత పెడతారు. అది చాలా సెట్లలో వేరే ట్రేలో ఉంటుంది, తల కోయకముందే తీసి దగ్గర పెట్టుకోండి.

ఇంకొక విషయం ఎవరూ చెప్పరు. రిట్రాక్టర్ ఎంత మంచిదైనా చెయ్యి సరైన పొజిషన్‌లో లేకపోతే ఏమీ కనబడదు. కనబడనప్పుడు అసిస్టెంట్ ఇంకా గట్టిగా లాగుతాడు. నర్వ్‌లకి ముప్పు అక్కడే మొదలవుతుంది. చేతిని కొంచెం పక్కకి ఎత్తితే డెల్టాయిడ్ సడలుతుంది, లాగే పని సగం తగ్గుతుంది. హ్యూమరస్ తల బయటికి తేవడానికి చేతిని బయటికి తిప్పి వెనక్కి వాల్చినప్పుడు నర్వ్‌లన్నీ సాగుతాయి. ఆ పని కాగానే చెయ్యి మామూలు స్థితికి తేవాలి. చేతిని పట్టుకున్నది జూనియర్ అయితే ఆయనకి మెల్లగా గుర్తు చేయండి.

ఇక బోన్ క్లాంప్‌లు. తుంటి, తొడ ఎముక కేసుల అలవాటుతో పెద్ద రంపపు పళ్ల క్లాంప్‌లు ముందు వరసలో పెట్టకండి. భుజంలో ఎక్కువగా అడిగేది విరిగిన ముక్కల్ని పట్టి కలిపే చిన్న పాయింటెడ్ రిడక్షన్ ఫోర్సెప్స్, అంటే వెబర్ రకం. రెండు సూది కొనలే ఎముకని తాకుతాయి, ఎముక మీది పొర ఊడదు. కాలర్ బోన్ విరిగిన కేసులో రెండు ముక్కలకీ చెరొకటి వేసి దగ్గరికి తెస్తారు, కుదిరాక విరిగిన చోట అడ్డంగా మూడోది. కాబట్టి కనీసం మూడు ఉండాలి. కాలర్ బోన్ కింద సబ్‌క్లేవియన్ రక్తనాళాలు, బ్రేకియల్ ప్లెక్సస్ (చేతికి వెళ్లే నర్వ్‌ల గుత్తి), ఊపిరితిత్తి పై కొన ఉంటాయి. డ్రిల్ అవతలికి దూసుకుపోకుండా ఎముక కింద మొండి రిట్రాక్టర్ అడ్డం పెడతారు. డ్రిల్ చేతికి ఇచ్చే ముందే అది ఇవ్వండి, అడిగేదాకా ఆగొద్దు.

వెర్‌బ్రూగ్గే క్లాంప్ ప్లేట్‌ని ఎముకకి అదిమి పట్టడానికి బాగుంటుంది. కానీ హ్యూమరస్ నడుమ భాగంలో వెనక వైపు రేడియల్ నర్వ్ ఎముకని ఆనుకునే పోతుంది. చుట్టూ తిప్పి పట్టే ఏ క్లాంప్ అయినా నర్వ్ కళ్లతో చూసుకున్నాకే వేస్తారు. స్కాపులా ఎముక చాలా చోట్ల పలచన, క్లాంప్ జారిపోతుంది. చిన్న బిట్‌తో రెండు గుంటలు వేసి, వాటిలో పాయింటెడ్ ఫోర్సెప్స్ కొనలు దించితే పట్టు దొరుకుతుంది. ఆ కేసుల్లో సన్న డ్రిల్ బిట్ కూడా క్లాంప్ పక్కనే పెట్టుకోండి.

హ్యూమరస్ పై భాగం విరిగితే మాత్రం అసలు క్లాంప్ వాడకపోవడమే మంచిది. ఒక పెద్దావిడ కేసు నాకు బాగా గుర్తుంది. గ్రేటర్ ట్యూబరాసిటీ (హ్యూమరస్ తల పక్కనుండే ఎత్తు) ముక్క గుడ్డు పెంకులా ఉంది. సర్జన్ దాన్ని వేలితో తాకి చూసి, నేను అందించిన ఫోర్సెప్స్ తిరిగి నా ట్రాలీ మీద పెట్టేసి, "లావు నాన్ అబ్జార్బబుల్ కుట్టు ఇవ్వు తల్లీ" అన్నారు, అంటే ఒంట్లో కరగని దారం. టెండన్ ఎముకని అంటుకునే చోట ఆ కుట్లు వేసి, దారాలు పట్టుకుని లాగితే ముక్క చీలకుండా తన చోటుకి వచ్చింది. ఆ దారాలే తర్వాత ప్లేట్ చిల్లుల్లోంచి కట్టేశారు. ఇంకా దగ్గరికి రాని ముక్కని కే వైర్ (సన్నటి లోహపు పుల్ల) గుచ్చి ఆ వైర్‌తోనే తిప్పుతారు. కాబట్టి ఈ కేసుల్లో నంబర్ 2, నంబర్ 5 కుట్లు, కే వైర్లు చేతికి దగ్గరగా, క్లాంప్‌లు వెనక వరసలో.

లాటార్జేకి కోరకాయిడ్ ముక్కని పట్టే ఫోర్సెప్స్ వేరేగా వస్తుంది. మిషెల్ లాటార్జే 1954లో వివరించిన పద్ధతి ఇది. కోరకాయిడ్‌ని 2 నుంచి 3 సెంటీమీటర్ల పొడవున కోసి, కంజాయింట్ టెండన్ అంటుకుని ఉండగానే తెచ్చి గ్లెనాయిడ్ ముందు అంచుకి స్క్రూలతో బిగిస్తారు. అంత చిన్న ముక్కని ఎక్కువ నొక్కితే రెండుగా పగులుతుంది. ర్యాచెట్ (పిడిని మెట్టు మెట్టుగా బిగించి ఉంచే పళ్లు) ఒక్కో మెట్టే వేయాలి. ర్యాచెట్ గట్టిగా పడే పాత ఫోర్సెప్స్ ఈ కేసుకి ఇవ్వకండి.

సెట్ చెక్ చేసుకోవడం గురించి కూడా కొంచెం. పాయింటెడ్ ఫోర్సెప్స్ మూసి వెలుతురులో చూడండి, రెండు కొనలు ఎదురెదురుగా కలవాలి. ర్యాచెట్ మొదటి మెట్టు మీద మూసి పిడిని మెల్లగా తట్టండి. ఊడి తెరుచుకుంటే అరిగిపోయినట్టే, రిపేర్‌కి పంపండి. హోమన్ కొనలు ఇచ్చేటప్పుడూ, తిరిగి తీసుకునేటప్పుడూ చూడండి. కొన విరిగి లోపల మిగలడం జరిగే పనే. కోల్‌బెల్ బ్లేడులు ఎన్ని ఇచ్చారో లెక్క రాయించండి. కేసు నడుస్తుండగా పరికరాలు తుడవడానికి స్టెరైల్ నీళ్లే వాడండి, సెలైన్‌లో నానబెట్టొద్దు. ఉప్పు స్టీల్‌ని గుంటలు గుంటలుగా తినేస్తుంది. తర్వాత కడిగేటప్పుడు క్లాంప్ కీళ్లు తెరిచి బ్రష్ పెట్టాలి, బ్లేడులు విడదీయాలి, ఆటోక్లేవ్‌లోకి కూడా కీళ్లు తెరిచే వెళ్లాలి. చంక దగ్గర చర్మంలో క్యుటీబ్యాక్టీరియం ఆక్నెస్ అనే బ్యాక్టీరియా లోతుగా దాగి ఉంటుంది, మెల్లగా పెరుగుతుంది. భుజం ఇంప్లాంట్ ఇన్ఫెక్షన్లలో దాని పేరు తరచూ వినబడుతుంది. అందుకే చర్మానికి తాకిన రిట్రాక్టర్లని లోపలి దశకి మళ్లీ ఇవ్వకుండా విడిగా పెట్టడం నా అలవాటు.

ముందు రోజు సర్జన్‌ని నాలుగు విషయాలు అడిగి రాసుకోండి. ఏ వైపు భుజం, హ్యూమరస్ తల ఉంచుతున్నారా మారుస్తున్నారా, సీ ఆర్మ్ (ఆపరేషన్ మధ్యలో ఎక్స్‌రే తీసే యంత్రం) వాడతారా, చేతిని ఆర్మ్ హోల్డర్ పట్టుకుంటుందా మనిషా. సీ ఆర్మ్ ఉంటే లోహపు రిట్రాక్టర్లు ఫొటోకి అడ్డం వస్తాయి. ఎక్స్‌రేకి కనబడని పీక్ (గట్టి ప్లాస్టిక్) రకం ఉంటే అవి స్టెరైల్ చేయించి పెట్టండి, లేకపోతే ప్రతి ఫొటోకి ముందు ఏవి తీయాలో ఆయనతో ముందే మాట్లాడుకోండి.