ఇంగ్లిషులో 'ఫైన్' అంటే జరిమానానా, బాగుందనా?

రెండూ సరైనవే, సన్నగా ఉండటం అనే మూడో అర్థం కూడా ఉంది, పైగా ఇవన్నీ పుట్టింది 'ముగింపు' అని చెప్పే 'ఫీనిస్' అనే ఒకే లాటిన్ మాట నుంచి. 'ఫైనల్', 'ఫినిష్' కూడా దాని పిల్లలే.

తగాదాను తేల్చి ముగించడానికి కట్టే డబ్బు కాబట్టి జరిమానా ఫైన్ అయింది. ఇక చెయ్యి పెట్టాల్సిన అవసరం లేనంతగా పని పూర్తయితే, నాణ్యత చివరి మెట్టుకు చేరితే అదీ ఫైనే. మెరుగు పెట్టేకొద్దీ వస్తువు నాజూగ్గా తయారవుతుంది కదా, సన్నం, మెత్తన అనే అర్థాలు అలా వచ్చి చేరాయి.

ఒప్పందం కాగితం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే షరతులను 'ఫైన్ ప్రింట్' అంటారు. చక్కటి ముద్రణ అని కాదు, సన్నటి అక్షరాలని. దాన్ని తప్పకుండా చదవాలి, అసలు మెలికలు అక్కడే ఉంటాయి.

నిఘంటువుల్లో జరిమానాకు విడిగా పద్దు ఉండటం చూసి, ఇవి ఏ సంబంధమూ లేని మాటలని, స్పెల్లింగ్ మాత్రం కలిసిందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఇంకో పొరపాటు మాటల్లో జరుగుతుంది: ఇంకొంచెం వడ్డించమంటారా అని అడిగితే 'ఐయామ్ ఫైన్' అన్నారంటే, అది ఆరోగ్యం కబురు కాదు, ఇక చాలని మర్యాదగా చెప్పడం.