ఊసరవెల్లి కొంటున్నారా? ముందు ఇసుక బకెట్టు సిద్ధం చేయండి

“టెక్సాస్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి పుట్టినరోజుకు ఊసరవెల్లి కావాలని పట్టుబట్టాడు. ఇంట్లో చేపల తొట్టె ఒకటి ఖాళీగా ఉంది, అందులో పెట్టవచ్చా? తిండి ఏమి వేయాలి?” అని అడిగారు.

చేపల తొట్టె వద్దు. చెట్టు మీద బతికే ప్రాణికి ఎత్తు కావాలి, గాలి ఆడాలి. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, నాలుగడుగుల ఎత్తున్న జాలీ పంజరం తీసుకోండి. లోపల మనీప్లాంటు, మందారం కుండీలు పెట్టి, వేలి లావు కొమ్మలు అడ్డంగా కట్టండి. ఇక్కడ ఎక్కువగా అమ్మే యెమెన్ జాతి ఆకులు కూడా కొరుకుతుంది, పురుగుమందు కొట్టిన మొక్కలు పెట్టకండి. పైన ఒక వేడి దీపం, ఎండలోని అతినీలలోహిత కిరణాలనిచ్చే యూవీబీ గొట్టం దీపం ఒకటి ఉండాలి. వేడి దీపం కింది కొమ్మ దగ్గర 85 డిగ్రీల ఫారెన్‌హీట్ చాలు. రాత్రి రెండూ ఆర్పేయాలి. గిన్నెలో నీళ్ళు పెడితే అటు చూడనైనా చూడదు. ఆకుల మీది చుక్కలే తాగుతుంది కాబట్టి ఉదయం, సాయంత్రం నీళ్ళు చల్లాలి.

ఇంతవరకు ఎవరైనా చెబుతారు. నాకు అమ్మిన దుకాణదారు చెప్పనిది వేరే ఉంది.

అతను మగదని చెప్పి అమ్మాడు. యెమెన్ జాతి మగదానికి పుట్టుకతోనే వెనక కాలి మడమ దగ్గర చిన్న బుడిపె ఉంటుంది. అది చూడటానికి నిమిషం పట్టదు, ఆ నిమిషం కూడా అతనికి దొరకలేదు. మా అమ్మాయి ‘రాజుగారు’ అని పేరు పెట్టింది. ఏడాది తిరిగేసరికి రాజుగారు తిండి మానేశారు. ఒళ్ళు నల్లబడి పసుపు, నీలం మచ్చలు తేలాయి. పొద్దస్తమానం పంజరం అడుగున తిరగడం, మందారం కుండీలో మట్టి గీకడం. పత్రికలవాళ్ళు రాజకీయ నాయకులను దీనితో పోలుస్తారు గానీ, పాపం ఇది రంగు మార్చేది చలికో, కోపానికో, కడుపుకో!

అప్పుడు మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది. ఆ గదిలో అడుగు పెట్టేది కాదు. గుమ్మంలోనే నిలబడి చూసి, “ఇది గుడ్లతో ఉందిరా, చోటు వెతుక్కుంటోంది” అంది. మగది లేకుండా ఎలాగమ్మా అంటే, “పుంజు లేకపోతే కోడిపెట్ట గుడ్లు పెట్టడం మానేస్తుందా?” అంది.

వెడల్పాటి బకెట్టులో కడిగిన ఇసుక అడుగు లోతున పోసి, సొరంగం తవ్వితే కూలిపోనంత తడి చేసి లోపల పెట్టాం. పంజరం చుట్టూ దుప్పటి కప్పాం. ఎవరో చూస్తున్నారని అనుమానం వస్తే తవ్విన గుంత వదిలేస్తుంది. దుప్పటి అంచు కాస్త తొలగించి చూస్తే తల, ఒళ్ళు ఇసుకలో, తోక మాత్రం బయట. మర్నాటికి గుడ్లు పెట్టి, పైన ఇసుక కప్పి, కాళ్ళతో అదిమి చదును చేసి కొమ్మెక్కింది. డొక్కలు లోపలికి పోయాయి, కనురెప్పల నిండా ఇసుక. నీళ్ళు చల్లితే చాలాసేపు తాగింది. తవ్వితే నలభైకి పైగా గుడ్లు! చోటు దొరక్కపోతే అవి లోపలే ఉండిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

తిండి అంటే ముఖ్యంగా కీచురాళ్ళు. దాని రెండు కళ్ళ మధ్య దూరం కంటే పెద్దవి వేయకండి. ముందు రోజు వాటికి క్యారెట్టు, ఆకుకూరలు మేపి, వేసేటప్పుడు కాల్షియం పొడి అద్దాలి. లేకపోతే దాని ఎముకలు మెత్తబడి కాళ్ళు వంగిపోతాయి. పెరిగిన ఆడదానికి రోజు విడిచి రోజు, అదీ పరిమితంగా వేయాలి. ఎక్కువ మేపితే ఎక్కువ గుడ్లు పెట్టి నీరసిస్తుంది. ఈ మాట మనవాళ్ళకు ఎక్కదు. వచ్చిన ప్రతి చుట్టమూ “అయ్యో, చిక్కిపోయింది” అంటూ ఇంకో పురుగు వేయబోతాడు. తప్పించుకున్న కీచురాయి ఫ్రిజ్ వెనక చేరి రాత్రంతా చేసే కచేరీ సంగతి సరేసరి.

ఇండియాలో ఉన్నవాళ్ళు ఇది చదివి తోటలో దొరికినదాన్ని పట్టి పంజరంలో పెట్టకండి. మన ఊసరవెల్లికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.

మీ అబ్బాయికి ఒళ్ళో పెట్టుకుని ఆడుకునే జంతువు కావాలంటే కుందేలును చూడండి. దీన్ని పట్టుకోబోతే బుస కొడుతుంది. సెల్ఫీ కోసం భుజాన ఎక్కించుకోబోయిన మా బావగారి వేలు కొరికింది. గాయం కనబడీ కనబడనట్టుంది గానీ, ధనుర్వాతం ఇంజెక్షన్ అంటూ ఆయన ఆ రాత్రి మమ్మల్నెవరినీ నిద్రపోనివ్వలేదు.