కుర్చీలో పడుకోకముందే చెప్పు

అమ్మలూ,

నీకూ ఎలర్స్-డాన్లాస్ (ఒంట్లో కీళ్లనూ చర్మాన్నీ పట్టి ఉంచే కణజాలం పుట్టుకతోనే బలహీనంగా ఉండే జబ్బు) అని తేలిందట. దవడ పన్నుకి రూట్ కెనాల్ అనగానే భయపడుతున్నావని అమ్మ చెప్పింది. ఇన్నేళ్లుగా ఇదే జబ్బుతో పళ్ల డాక్టర్ల దగ్గరికి తిరుగుతున్నదాన్ని కాబట్టి, నువ్వు వెళ్లేముందే నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

అన్నిటికన్నా ముఖ్యమైనది మత్తు ఇంజెక్షన్. మనలాంటివాళ్లలో చాలామందికి అది సరిగా పట్టదు, పట్టినా తొందరగా దిగిపోతుంది. ఒకసారి నా పెదవి మొద్దుబారింది కదా అని డాక్టర్ డ్రిల్ పెట్టారు, పన్ను జివ్వున లాగింది. "టెన్షన్ పడకండి, అది మీ భయమే" అన్నారు. అది భయం కాదు, నిజమైన నొప్పి. అందుకే మత్తు ఇవ్వకముందే నీ జబ్బు పేరు చెప్పు. చెయ్యెత్తితే ఆపేయాలని ముందే మాట తీసుకో. మామూలుగా ఇచ్చే లిడోకైన్ అనే మత్తుమందు పనిచేయకపోతే ఆర్టికైన్ లాంటి ఇంకో మత్తుమందు ఇవ్వొచ్చేమో అడుగు. నిలబడితే గుండె దడ వచ్చే సమస్య నీకుంటే అదీ చెప్పు, ఎందుకంటే మత్తుమందులో కలిపే అడ్రినలిన్‌తో దడ పెరగొచ్చు. పని అయ్యాక కుర్చీని మెల్లగా లేపమను. కాసేపు కూర్చున్నాకే దిగు.

తర్వాత దవడ. మన కీళ్లు వదులు, దవడ కీలు కూడా అంతే. ఎక్కువసేపు నోరు బార్లా తెరిచి ఉంచితే అది పక్కకు జరగొచ్చు. సిట్టింగులు చిన్నవిగా పెట్టమను, మధ్యమధ్యలో నోరు మూసుకోనివ్వమను. పళ్ల మధ్య పెట్టే రబ్బరు దిమ్మ ఉంటే దవడకు కాస్త ఆసరా. ఇంట్లో ఆవులింత వచ్చినప్పుడు గడ్డం కింద పిడికిలి ఆనించు, నోరు మరీ తెరుచుకోకుండా ఆగుతుంది. నాకు ఇది బాగా పనికొచ్చింది.

మొదలుపెట్టే ముందు ఎక్స్‌రే బాగా చూడమను. ఈ జబ్బున్న కొందరిలో పళ్ల వేర్లు వంకరగా ఉంటాయి, పన్ను లోపలి గుజ్జులో చిన్న రాళ్లలాంటివి ఏర్పడతాయి. రూట్ కెనాల్‌కి అవి అడ్డం పడతాయి.

నీది ఏ రకమో రాసిన కాగితం వెంట తీసుకెళ్లు. 2017 నాటి వర్గీకరణలో 13 రకాలున్నాయి, అన్నిటికీ జాగ్రత్తలు ఒకటే కావు. రక్తనాళాలు పెళుసుగా ఉండే వాస్క్యులర్ రకమైతే, పన్ను పీకడం లాంటివి నీ జబ్బు సంగతి తెలిసిన స్పెషలిస్టుతో మాట్లాడాకే చేయాలి. చిగుళ్లను చిన్నవయసులోనే తినేసే రకం ఇంకొకటి. సీ1ఆర్, సీ1ఎస్ జన్యువుల్లో మార్పుల వల్ల వస్తుంది. చిగుళ్లు కిందికి దిగుతున్నా, పళ్లు కదులుతున్నా ఊరుకోకుండా డాక్టర్‌కి చూపించు. మెత్తని బ్రష్, ఫ్లోరైడ్ పేస్ట్ మామూలే. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని తోమడం మాత్రం మానకు.

తమ్ముడికీ ఇదే ఉంటే, వాడికి క్లిప్పులు పెట్టించేటప్పుడు చెప్పండి. మనలో పళ్లు తొందరగా జరుగుతాయి, అంత తొందరగానే పాత చోటికి వచ్చేస్తాయి. క్లిప్పులు తీశాక పళ్లు జరగకుండా పెట్టుకునే రిటైనర్ చాలాకాలం వాడాలి.

నోట్లో ఎప్పుడైనా కుట్లు వేయాల్సొస్తే, గాయం మానడం ఆలస్యమవుతుందని గుర్తుచేసి, కొన్ని రోజులు ఎక్కువ ఉంచొచ్చేమో అడుగు. మొదటిరోజు పరీక్ష, ఎక్స్‌రే వరకే పెట్టుకో. ఎక్స్‌రే చూసి ఏమన్నారో సాయంత్రం ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ