మీ కథల్లో భార్యలంతా ఎక్కడికి వెళ్లారు?

ప్రశ్న: మాది కాకినాడ. మావారి ఉద్యోగం వల్ల శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఉంటున్నాం. అక్కడి అద్దెలు భరించలేకపోయాం. పైగా ఆయనకు మొదటినుంచీ బోట్లంటే పిచ్చి. అందుకని నిరుడు 36 అడుగుల సెకండ్‌హ్యాండ్ తెరచాప బోటు కొన్నారు. బోట్లు కట్టేసి ఉంచే రేవులో, అంటే మెరీనాలో, అనుమతి తీసుకుని బోటులోనే కాపురం ఉంటున్నాం. నాది ఇంటి నుంచి చేసే పని. పగలంతా చుట్టుపక్కల బోట్లవాళ్లను చూస్తూ వాళ్ల జీవితాలు ఊహించుకోవడం అలవాటైపోయింది. పక్క బోటులో ఒక పెద్దాయన ఒక్కరే ఉంటారు. ఆ బోటు వెనక ఒక ఆడపేరు రాసి ఉంది, అది చనిపోయిన భార్య పేరై ఉంటుందనుకున్నాను. ఎదురుగా ఎప్పుడూ కవరు కప్పి ఉండే బోటు ఒకటుంది. దాని యజమానికి విడాకులై ఉంటాయని, అందుకే ఇటు రాబుద్ధి కావడం లేదని నా ఊహ. శనివారాలు ఒక జంట వస్తారు. ఆవిడ నవ్వుతూనే ఉంటుంది గానీ, వచ్చే ఏడాదికి రావడం మానేస్తుందని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఇవన్నీ ఫొటోలతో సహా ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో పెడుతుంటాను. పోయిన వారం పెద్దాయనతో, "మీ ఆవిడ పేరే పెట్టుకున్నారు, ఎంత ప్రేమో" అన్నాను. ఆయన మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయారు. అప్పటినుంచి పలకరింపే లేదు. మావారికి చెబితే "ఎవరి బతుకులో నీకెందుకు?" అని కోప్పడ్డారు. మా ఇద్దరి మధ్యా మాటలు తగ్గాయి. మేం బోటులో ఉంటున్న సంగతి మా అమ్మానాన్నలకు ఇప్పటికీ తెలియదు. నాకేమైనా మానసిక సమస్య ఉందంటారా?
– ఒక సోదరి

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి జబ్బులాంటిదేమీ కనిపించడం లేదమ్మా. మీరు ఊహించినవి ఊహలేనని మీకు తెలుసు. పనీ నడుస్తోంది. నిద్ర, తిండి దెబ్బతిన్నా, ఊహలు అదుపు తప్పుతున్నాయనిపించినా అప్పుడు డాక్టర్‌ని కలవండి. ఇప్పుడైతే ఆ టెన్షన్ పెట్టుకోకండి.

మెరీనాలో ఉండేవాళ్లకు ఇది సులువుగా అంటుకునే అలవాటే. బోటుకూ బోటుకూ మధ్య మహా అయితే ఒక సన్నటి నడకబల్ల ఉంటుంది. సామాను బండి తోసుకుంటూ ఎవరు వెళ్లినా మీ కిటికీ ముందునుంచే వెళ్లాలి. బట్టలు ఉతుక్కోవడానికీ, చాలాచోట్ల స్నానానికీ అందరూ ఒక్కచోటికే రావాలి. ఎవరి సరుకుల సంచిలో ఏముందో, ఎవరి దగ్గు ఎప్పుడు మొదలైందో కూడా తెలిసిపోతుంది. అయినా ఆ మనిషి ఎక్కడినుంచి వచ్చాడో, ఎందుకు వచ్చాడో మాత్రం తెలియదు. సగమే చూసిన మనసు మిగతా సగాన్ని అల్లుకోకుండా ఉండలేదు.

పెద్దాయన దగ్గర మీరు పొరబడ్డది ఊహించినందుకు కాదు. ఊహను ఆయన ముందు నిజంలా పెట్టినందుకు. పడవ పేరు మారిస్తే అరిష్టమని నావికుల్లో పాత నమ్మకం ఒకటుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న చాలామంది పాత పేరునే ఉంచేస్తారు. మీవారు కొన్నప్పుడు మీ బోటుకూ ఏదో ఒక పేరు ఉండే ఉంటుంది కదా? ఆ ఆడపేరు పాత యజమాని కూతురిది కావచ్చు. ఈయన భార్యదే అయినా, ఆవిడ వేరే ఊళ్లో నిక్షేపంగా ఉండి ఉండవచ్చు, వాళ్లిద్దరికీ పడకపోయి ఉండవచ్చు. మీరనుకున్నట్టే కాలం చేసి ఉంటే, ఆ మాట ముందస్తు హెచ్చరిక లేకుండా మీ నోట వినడం ఆయనకు కష్టమే. ఇందులో ఏది నిజమో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

2018లో టాల్ ఎయాల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు ఈ విషయం మీదే 25 ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. ఎదుటివాళ్ల స్థానంలో మనల్ని ఊహించుకున్నంత మాత్రాన వాళ్ల మనసులో ఏముందో సరిగ్గా కనిపెట్టలేమని తేలింది. నేరుగా అడిగి తెలుసుకున్నప్పుడే అంచనా మెరుగుపడింది. కాకపోతే అడగడానికీ పద్ధతి ఉంటుంది. "పేరు బాగుందండీ" అని ఊరుకుని ఉంటే, చెప్పాలనిపిస్తే ఆయనే చెప్పేవారు.

ఇప్పుడు చేయాల్సింది చిన్నదే. ఆయన బయట ఉన్నప్పుడు వెళ్లండి. ఆయన రమ్మనకుండా బోటు మీద కాలు పెట్టకండి, ఒకరి డెక్ ఎక్కడమంటే వాళ్ల గడప దాటడమే. డాక్ మీదే, అంటే ఆ నడకబల్ల మీదే నిలబడి, "ఆ రోజు తెలియకుండా ఏదో అనేశాను, ఏమీ అనుకోకండి" అని ఒక్క మాట చెప్పి వచ్చేయండి. ఎందుకలా అనుకున్నారో వివరించకండి, ఆయన వివరణా అడగకండి. తర్వాత ఎప్పుడైనా ఆయన బోటు తిప్పుకుని వస్తుంటే తాడు అందుకుని కట్టడంలో సాయం చేయండి. మెరీనాలో సగం స్నేహాలు అలా తాడు అందుకోవడంతోనే మొదలవుతాయి.

ఫొటోల సంగతి మాత్రం గట్టిగానే చెప్పాలి. ఈరోజే తీసేయండి. శాన్‌ఫ్రాన్సిస్కో బే తీరాన్ని పర్యవేక్షించే కమిషన్ నిబంధనల ప్రకారం, సాధారణంగా ఒక మెరీనాలో నివాసానికి అనుమతించే బోట్లు పది శాతానికి మించకూడదు. మీకు అనుమతి దొరికింది. దొరకని కొందరు అద్దెలు కట్టలేక చడీచప్పుడు లేకుండా బోట్లలోనే రాత్రుళ్లు గడుపుతుంటారు. వెలుగుతున్న కిటికీ ఫొటో ఒకటి తిరిగి తిరిగి మెరీనా ఆఫీసుకు చేరితే వాళ్లకు తల దాచుకునే చోటు పోతుంది. మీ గ్రూపులో వాళ్లంతా మంచివాళ్లే కావచ్చు, ఫార్వర్డ్ బటన్‌కు ఆ సంగతి తెలియదు.

చూడటం మానేయమని నేననను. పక్కవాళ్లను గమనించే కళ్లు అక్కడ అవసరం. ఆ బేలో నీళ్లు ఎండాకాలంలోనూ చల్లగానే ఉంటాయి. డాక్ మీద కాలు జారి పడితే, ఈత వచ్చినవాళ్లకైనా కాసేపటికే చేతులు పట్టు తప్పుతాయి. ఒంటరిగా ఉండే పెద్దాయన రోజూ కనిపించే వేళకు కనిపించకపోతే, బోటు పక్కన తట్టి పిలిచేది మీరే అవ్వాలి. నీళ్లలోంచి పైకెక్కే నిచ్చెన మీ డాక్‌కు ఎక్కడుందో కూడా చూసి పెట్టుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరం చదువుతుంటే నాకు పెద్దాయన కంటే మీ మూడు కథలే ఎక్కువ గుచ్చుకున్నాయి. మొదటి కథలో భార్య చనిపోయింది. రెండో కథలో విడిపోయింది. మూడో కథలో నవ్వుతూనే రావడం మానేయబోతోంది. ఏ కథలోనూ ఆడమనిషి బోటులో నిలవలేదు. ఇది కూడా నా ఊహే కావచ్చు, అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను: బోటు దిగిపోవాలని ఉన్నది మీకేనా?

బోటు "కొన్నారు" అని రాశారు, "కొన్నాం" అనలేదు. ఆయనకు పిచ్చి అన్నారే గానీ, మీకు ఇష్టమో కాదో ఎక్కడా రాయలేదు. పగలంతా ఆ ఇరుకులో ఉండేది మీరు. ఆయన ఆఫీసుకు వెళ్లి సాయంత్రం హాయిగా తిరిగొస్తే, వానాకాలంలో గోడలకు పట్టే చెమ్మను తుడిచేదీ, గాలి వేసినప్పుడల్లా తాళ్లు తెరచాప స్తంభానికి టకటకా కొట్టుకునే చప్పుడు మధ్య మీటింగుల్లో మాట్లాడేదీ మీరే. ఇష్టం లేదని ఆయనతో అనలేక, ఆ మాటను పక్క బోట్ల భార్యల చేత చెప్పిస్తున్నారేమో ఒకసారి ఆలోచించండి.

నా అనుమానం నిజమైతే మీవారితో మాట్లాడండి. బోటులో మాత్రం వద్దు. మాటా మాటా పెరిగితే అక్కడ పక్క గదిలోకి వెళ్లడానికి పక్క గదే ఉండదు, నాలుగు బోట్ల అవతలికీ వినిపిస్తుంది. గట్టు మీద నడుస్తూ మాట్లాడండి. "మీ బోటు" అని మొదలుపెట్టకండి. "నాకు పగలు ఇలా గడుస్తోంది" అని మొదలుపెట్టి, ఒక రోజు ఎలా గడుస్తుందో పొద్దున్నుంచి చెప్పండి. ఆ తర్వాత మీకు ఏం కావాలో సూటిగా అడగండి: వారంలో రెండు మూడు రోజులు గట్టు మీద ఏదైనా లైబ్రరీలో పని చేసుకోవడమా, చెమ్మ లాగే మెషీనా, లేక ఫలానా నెల వరకు చూసి అపార్ట్‌మెంట్‌కు మారిపోవడమా. గడువు పెట్టుకుంటే ఆ గడువు ఇద్దరిదీ అవ్వాలి. "నీకెందుకు?" అన్న ఆయన మాట మీకు తగిలిందని కూడా చెప్పండి. పగలంతా మీకు మాట్లాడటానికి మనిషే లేడన్నది ఆయనకు తట్టి ఉండదు.

ఆ మాటలయ్యాకే కాకినాడకు ఫోన్ చేయండి. వీడియో కాల్‌లో వెనక ఏం కనిపిస్తుందోనని సర్దుకుని కూర్చోవడం ఎన్నాళ్లు? మీరు ఉంటున్నా, మారుతున్నా, ఏం నిర్ణయించుకున్నారో దానితో కలిపి చెబితే వాళ్లకు కంగారు తగ్గుతుంది. ఆ కాల్‌లో మీవారు కూడా మీ పక్కనే కూర్చోవాలి. బోటు ఎందుకు కొన్నారన్న ప్రశ్నకు ఆయనే జవాబు చెప్పాలి.