విజయనగరం కచేరీ వ్యాసం: గురువుగారికి పలచన, అమ్మకు బరువు

విజయనగరంలో విన్న కచేరీ మీద మీరు రాసిన వ్యాసం గురువుగారికి పలచగా, అమ్మకు బరువుగా అనిపించిందన్నారు కదా, రెండింటికీ కారణం ఒకటే అండీ. రాగం పేరు, ‘అద్భుతం’ అన్న మాట ఉన్నాయి గానీ, మీ చెవి విన్నది లేదు.

1. రికార్డింగ్ మళ్లీ వినండి. ఒక్క చోటు ఎంచుకుని నిమిషం, సెకనుతో సహా రాసుకోండి. అందరూ వదిలేసేది ఇదే.

2. అక్కడ జరిగింది ముందు మామూలు మాటల్లో రాయండి. మీరు విన్నది బిలహరి రాగం కదా: స్వరాలు ఎక్కేటప్పుడు ఐదు మెట్లే, మ, ని ఉండవు. దిగేటప్పుడు రెండూ వస్తాయి. ఆ నిషాదం (ని) మీద వయొలిన్ కమాను ఎంతసేపు నిలిచింది? మీ ఒళ్లు జలదరించింది అక్కడేనేమో, చూడండి.

3. ఆ ఎక్కడానికి ఆరోహణ, దిగడానికి అవరోహణ అన్న పేర్లు ఆ తర్వాతే. పరిశోధన పత్రికకైతే స్వరాలు కూడా వేయండి.

1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాల, హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు, వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు: మీ వ్యాసం మొదటి పేరా అంతా వాళ్లే ఉన్నారు. ఎంత గౌరవమున్నా ఇక్కడ ఒక్క వాక్యం చాలు.