సున్నం గుంట ఎండనివ్వకండి

పాత కట్టడాల మరమ్మతులో 32 ఏళ్లు పనిచేసి రిటైరైన ఆర్కిటెక్టుని. ఈ శీర్షికకు మామూలుగా పెంకులు కారుతున్నాయని, దూలానికి చెదలు పట్టిందని రాస్తుంటారు. ఈ నెల ఉత్తరాలన్నీ ఉద్యోగాల గురించే. చెదల వాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడ ఆర్కిటెక్చర్ చదివి, అమెరికాలో పాత కట్టడాల సంరక్షణలో ఎమ్మెస్ చేసింది. అక్కడే ఒక రాష్ట్రంలో చారిత్రక కట్టడాల కార్యాలయంలో నాలుగేళ్లుగా ఉద్యోగం. పైనుంచి నిధులు రాలేదంటూ పోయిన నెల 15న తీసేశారు. హెచ్-1బి వీసా మీద ఉంది. 'ఇప్పటికైనా ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సు చెయ్యమ్మా' అన్నానని మూడు రోజులు ఫోన్ ఎత్తలేదు. నేనన్నదాంట్లో తప్పేముంది?
– రిటైర్డ్ టీచర్, హనుమకొండ

జవాబు: మాస్టారూ, ఆ మాట ఆర్నెల్లు ఆగి అని ఉంటే సలహా అయ్యేది. ఉద్యోగం పోయిన వారంలోనే అంటే 'నీ చదువు దండగ' అన్నట్టు వినబడుతుంది. నాకు పని పోయినప్పుడు మా నాన్న బ్యాంకు పరీక్షలు రాయమన్నారు. నేనూ మాట్లాడడం మానేశాను. ఇంట్లో ఫోన్ లేదు కాబట్టి ఎదురుగా కూర్చునే మానేశాను.

మీ చుట్టాలకు చెప్పుకోవడానికైనా అసలు ఏం జరిగిందో తెలుసుకోండి. అమెరికాలో 1966లో ఒక చట్టం తెచ్చారు. ఫెడరల్ ప్రభుత్వం డబ్బుతోగానీ అనుమతితోగానీ రోడ్డు వేసినా, వంతెన కట్టినా, దానివల్ల చుట్టుపక్కల పాత కట్టడాలకు ఏమవుతుందో ముందే చూడాలంటుంది అందులోని 106వ సెక్షన్. ఆ చూడడంలో రాష్ట్రాల్లోని ఈ కార్యాలయాలదే పెద్ద పాత్ర. వాటికి సాయంగా 1976లో ఒక నిధి పెట్టారు. అది జనం కట్టే పన్నుల్లోంచి వచ్చేది కాదు. సముద్రంలో చమురు, గ్యాసు తవ్వుకునే కంపెనీలు ప్రభుత్వానికి కట్టే సొమ్ములోంచి ఏటా 15 కోట్ల డాలర్లు అందులో వేయాలని ఏర్పాటు. రాష్ట్రాలు తమ వంతు 40 శాతం కలుపుకోవాలి. 2025కి మంజూరైన డబ్బు నెలల తరబడి విడుదల కాలేదు. 2026 బడ్జెట్ ప్రతిపాదనలో ఆ నిధిని దాదాపుగా ఊడ్చేశారు. మీ అమ్మాయి పని బాగోక తీసేసినట్టు ఎక్కడైనా వినబడితే ఇదంతా చదివి వినిపించండి.

ఇక ముందు సంగతి. డబ్బు ఆగింది గానీ 106వ సెక్షన్ అలాగే ఉంది. హైవేకి, సెల్ టవర్‌కి, కరెంటు లైనుకి ఆ పరిశీలన ఇప్పటికీ కావాలి. ఆ నివేదికలు చాలావరకు రాసేది ప్రైవేటు కన్సల్టెన్సీలు. నాలుగేళ్లు బల్లకు ఇవతల కూర్చుని ఆ నివేదికలు దిద్దిన మనిషి మీ అమ్మాయి. పేపర్లు దిద్దిన మాస్టారుకి ట్యూషన్లు దొరకవా చెప్పండి! (ఆఫీసులో తాను చూసిన ఫైళ్ల జోలికి మాత్రం వెళ్లకూడదని నియమాలుండొచ్చు, కనుక్కోమనండి.) ఇంకో దారి పన్ను రాయితీ. అద్దెకో వ్యాపారానికో వాడే చారిత్రక భవనాన్ని పద్ధతి ప్రకారం బాగుచేస్తే, ఖర్చులో 20 శాతం ఫెడరల్ పన్నులో తగ్గుతుంది. ఆ దరఖాస్తు ఎక్కడ తిరిగొస్తుందో ఆ ఆఫీసులో పనిచేసినవాళ్లకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు.

అసలు టెన్షన్ వీసాది. ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజులు. ఈలోగా కొత్త యజమాని పిటిషన్ వేయాలి, లేదా ఆమె ఇంకో హోదాకి దరఖాస్తు పెట్టుకోవాలి. మీ ఉత్తరం నాకు చేరేసరికే ఇరవై రోజులు అయిపోయాయి. అందుకే ఈ ముక్క మీకు ఫోన్‌లో ముందే చెప్పాను, మిగతావాళ్ల కోసం మళ్లీ రాస్తున్నాను. ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడేదాకా 'వచ్చెయ్యమ్మా' అని టికెట్ కొనకండి. 2025 సెప్టెంబరులో, దేశం బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. గుమ్మం దాటాక లెక్క మారిపోవచ్చు. ఇంకొకటి: వీసా గడువు తీరకుండా యజమాని తీసేస్తే, ఆమె తిరిగి రావలసి వచ్చినప్పుడు ప్రయాణ ఖర్చు వాళ్లే ఇవ్వాలి. మొహమాటపడకుండా అడగమనండి.

ఈ వృత్తికి ఇది మొదటి దెబ్బ కూడా కాదు. 1933లో అమెరికాలో ఆర్కిటెక్టులు పనుల్లేక రోడ్డున పడ్డారు. నేషనల్ పార్క్ సర్వీసులో చార్లెస్ పీటర్సన్ అనే ఆయన ఆ నవంబరులో ఒక ప్రతిపాదన రాశాడు. వెయ్యిమందికి కొన్ని వారాలు జీతమిచ్చి పాత భవనాల కొలతలు తీయిద్దామని. దానికి ఒప్పుకున్నారు. అలా మొదలైన పని ఇప్పటికీ నడుస్తోంది. ఆ డ్రాయింగులు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు అవే చూపించేదాన్ని.

నా సంగతీ చెబుతాను. 1990లలో పాతబస్తీలో ఒక దేవిడీ (పాతకాలపు పెద్ద భవంతి) మరమ్మతు చేస్తున్నాం. డబ్బిచ్చే ట్రస్టు మధ్యలో చేతులెత్తేసింది. అప్పటికి గుంటలో సున్నం నానుతోంది. డంగు సున్నం పనికి ముందు అది నెలల తరబడి నీళ్లకింద నానాలి. పైన నీళ్లు తరిగి గాలి తగిలిందంటే గట్టిపడి పాడవుతుంది. పని ఆగిన రోజు మా మేస్త్రి తాపీలు గోనెసంచిలో చుట్టుకుని, ఒక్క మాట అనకుండా వెళ్లిపోయాడు. తర్వాత తెలిసింది, ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక వచ్చి గుంటలో నాలుగు బిందెలు పోసి వెళ్తున్నాడని. పద్నాలుగు నెలలు అలా పోశాడు. మళ్లీ పని మొదలైన రోజు చెయ్యి పెట్టి చూస్తే వెన్నలా ఉంది. అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. ఆ పద్నాలుగు నెలలకు ఏదైనా ఇప్పించండని ట్రస్టును నేను అడగనేలేదు. అడగాలని తట్టనేలేదు.

ఈసారి అమ్మాయి ఫోన్ ఎత్తితే కోర్సు సంగతి తేకండి. అద్దె ఎన్ని నెలలకు సరిపోతుందో అడగండి. పంపగలిగితే ఎంత పంపుతారో అంకె చెప్పండి. 'ఏం కావాలో చెప్పమ్మా' అంటే ఏ పిల్లా చెప్పదు.

ప్రశ్న: మా తెలుగు సంఘానికి తెలిసినవాళ్లలో ఇద్దరికి ఈ రంగంలోనే ఉద్యోగాలు పోయాయి. మా దీపావళి సావనీర్‌కి పాత గుళ్ల మీద వ్యాసాలు రాయిస్తే ప్రోత్సాహంగా ఉంటుందా?
– న్యూజెర్సీ

జవాబు: డబ్బిస్తారా? ఇస్తే ప్రోత్సాహం. శాలువా కప్పితే ఇంకో ఉచిత పని.

అంతకన్నా మంచి పని మీ పక్కనే ఉంది. న్యూయార్క్ ఫ్లషింగ్‌లోని గణేశుడి గుడికి 1977లో కుంభాభిషేకం జరిగింది. తిరుమల తిరుపతి దేవస్థానాల సాయంతో కట్టిన పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరాలయం కూడా ఆ కాలానిదే. అక్కడ చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో చేరడానికి మామూలుగా 50 ఏళ్లు నిండాలి. అంటే మనవాళ్లు ఆ దేశంలో కట్టుకున్న తొలి గుళ్లు ఇప్పుడే ఆ వయసుకి వస్తున్నాయి. గుడి కాబట్టి భక్తి ఒక్కటే చాలదు, శిల్పకళో వలస చరిత్రో చూపించాలి. మధ్యలో ఎంత మార్చారో కూడా చూస్తారు. అప్పటి ప్లాన్లు ఎవరింట్లో ఉన్నాయి, శిల్పులను ఎవరు పిలిపించారు, తొలి చందాల పుస్తకం ఎక్కడుంది... ఇవన్నీ తెలిసినవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటాయి. ఆ ఇద్దరికీ మూడు నెలల జీతమిచ్చి ఈ పని చేయించండి. సంగీత విభావరికి సింగర్‌ని రప్పించే ఖర్చుతో పోలిస్తే పెద్ద మొత్తమేం కాదు.

కమిటీలో ఎవరో ఒకరు 'జాబితాలో ఎక్కితే రంగు కూడా వేయనివ్వరు' అంటారు. జాతీయ జాబితాలో ఉన్నంతమాత్రాన సొంత డబ్బుతో చేసుకునే మార్పులకు అడ్డం లేదు. ఊరి స్థాయి నిబంధనలు వేరు, అవి చూసుకోవాలి.

ప్రశ్న: బీఆర్క్ నాలుగో సంవత్సరం. కన్జర్వేషన్‌లో ఎంఆర్క్ చేయాలనుంది. ఈ వార్తలు చూసి ఇంట్లో వద్దంటున్నారు. చేయనా?
– విజయవాడ

జవాబు: మీ ఊళ్లో ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)లోనే ఆ కోర్సు ఉంది. ముందు అక్కడ చదువుతున్నవాళ్లతో మాట్లాడమ్మా. మొదట్లో జీతం తక్కువే, దాన్ని దాచి ఒప్పించకు, ఇంట్లో ముందే చెప్పు. ఏ ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లినా ఒక ప్రశ్న అడుగు: ఈ ప్రాజెక్టు డబ్బు ఎవరిది, ఎన్నాళ్లు వస్తుంది? నేను ఒక్కసారీ అడగలేదు.

చేరేముందు ఈ వేసవిలో సున్నం పనిచేసే మేస్త్రి దగ్గర నెల రోజులు ఉండు. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు ఎంతెంత కలుపుతాడో రాసుకో. ఆయన అంకెలు చెప్పడు, చేత్తో చూపిస్తాడు. నువ్వే కొలిచి రాసుకోవాలి. వెళ్లేముందు చేతులకు కొబ్బరినూనె పట్టించు, సున్నం ఒరుస్తుంది.